గురువారం నీలిపొగ

జూలై 4, 1968, గురువారం

మిషను దొరసాని సీమకి వెళ్తూ మా ఆసుపత్రికి వదిలిపోయిన నల్లకారు ఈవేళ కూడా దారిలో రెండుసార్లు ఆయిలు తాగింది. పెట్రోలు తాగితే సరే, దాని తిండి అది. ఇంజనాయిలు మాత్రం అలా తాగకూడదట. ఒకసారి పోస్తే నెలల తరబడి ఉండాలట. ఇది శ్రీకాకుళంలో కడుపునిండా తాగి బయల్దేరి, గార దాటేసరికి మళ్ళీ గొంతెండిపోయిందంటుంది.

"మా మావలాగే సిస్టరమ్మా," అంది మా ఆయా అప్పలమ్మ వెనకసీట్లోంచి. "పొద్దుట్నించీ తాగుతాడు. అడిగితే నానేటీ తాగనేదంటాడు. దగ్గిరికొస్తే తెలిసిపోతాది."

గారకి అవతల సరుగుడుతోట దగ్గర ఆపాడు డేవిడ్‌రాజు. జూన్‌లో చేరిన డ్రైవరు. పాత డ్రైవరు మానేశాక వేసవంతా కారు షెడ్డులోనే పడి ఉంది, ఇతను వచ్చాకే రోడ్డెక్కింది. అందుకని కారుకి ఏం రోగం వచ్చినా ఇతని నెత్తినే పెడుతున్నారు. మాట తక్కువ మనిషి. బానెట్టు ఎత్తి, ఇంజను నడుస్తుండగానే ఆయిలు పోసే మూత తిప్పాడు. లోపలినుంచి హుఁ అని నిట్టూర్పు వచ్చింది. అచ్చం మనిషి నిట్టూర్చినట్టే. నాకు నవ్వొచ్చింది. అతను నవ్వలేదు.

మేం వదిలిన పొగ సరుగుడు చెట్ల మధ్య చాలాసేపు నిలబడిపోయింది. ఉతికి ఉతికి వెలిసిన నీలం చీర రంగు. సముద్రం గాలి వచ్చినప్పుడు కాస్త జరిగి, గాలి ఆగితే మళ్ళీ వచ్చి నిలబడింది. నేను చూస్తూ ఉండిపోయాను. అప్పలమ్మ రెండుసార్లు పిలిచిందట.

కళింగపట్నంలో గర్భిణులందరినీ చూసి వచ్చేసరికి సాయంత్రం అయింది. డాక్టరమ్మగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. "వానలు వెలిసేలోగా కారు బాగుపడకపోతే అమ్మేద్దాం సిస్టర్. గురువారం తిరుగుడు మానేద్దాం. వాళ్ళే బస్సెక్కి మన దగ్గరకొస్తారు," అన్నారు. నెలలు నిండిన మనిషి ఆ బస్సెక్కితే దారిలోనే కంటుందని నేనన్నాను. కోపంగానే అన్నాను. కారు లేకపోతే డ్రైవరు కూడా అక్కర్లేదని అన్నారు. ఆ మాట నాకెందుకు చెప్పారో తెలియదు.

జూలై 6

డేవిడ్‌రాజు రాత్రి కారు కింద తెల్లదుప్పటి పరిచి, పొద్దున తీసి చూపించాడు. ఒక్క మరక లేదు. అంటే కారిపోవడం లేదు, లోపలే కాలిపోతోంది. దుప్పటి ఆసుపత్రిదని నేను కేకలేశాను. మరక పడని దుప్పటికి కేకలెందుకని అప్పలమ్మ అడిగింది.

జూలై 11, గురువారం

ఈవేళ నాకో ఉద్యోగం ఇచ్చాడు.

"సిస్టరమ్మా, మీరు ఎనకద్దంలోంచి పొగ సూడండి. ఎత్తెక్కేటప్పుడు వస్తే పిస్టను రింగులు అరిగిపోయినట్టు. ఎత్తు దిగిపోయి, మల్లా నాను తొక్కగానే గుప్పుమంటే వాల్వులు వదులైనట్టు. వాల్వులైతే ఇక్కడే నాను సూసుకుంటాను. రింగులైతే మాత్రం ఇంజను విశాపట్నం పంపాల."

ఇంజను విశాఖపట్నం దాకా పంపడానికి డాక్టరమ్మగారు ఒప్పుకోరు. రింగులంటే కారు అమ్మకమే. అందుకని చాలా జాగ్రత్తగా చూడాలనుకున్నాను. వెనకసీటు మీద మోకాళ్ళేసుకుని, సీటు వీపు మీద గడ్డం ఆనించి కూర్చున్నాను. ఇంత పెద్ద సిస్టరు ఇలా కూర్చుంటే చూసేవాళ్ళేమంటారని అప్పలమ్మ గొణిగింది.

శాలిహుండం మలుపు దగ్గర ఎత్తు వచ్చింది. పొగ వచ్చింది. రోడ్డు మీద పరుచుకుని, జీడితోటల కంచె దాటి లోపలికి వెళ్ళింది. కంచె పక్కన మేకలు దాంట్లో మునిగి తేలాయి. ఒక మేకపిల్ల పొగలోంచి బయటికి వచ్చి, తనెక్కడుందో తెలియనట్టు నిలబడింది.

"ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?" అని అడిగాడు.

ఎత్తు ఎప్పుడు ఎక్కామో, ఎప్పుడు దిగామో నాకు గుర్తులేదు. "రెండుసార్లూ," అన్నాను.

కారు వెనక్కి తిప్పి మళ్ళీ ఎక్కించాడు. ఈసారి నిజంగానే చూశాను. నిజంగానే రెండుసార్లూ వచ్చింది. అతను కారు ఆపి బానెట్టు వైపు చూశాడు. "రెండూ పోయినాయా, లేకపోతే రెండూ కాదా," అన్నాడు. నన్నడిగాడో, కారునడిగాడో.

జూలై 14, ఆదివారం

డేవిడ్‌రాజు మిషను గుడిలో ఆఖరి బల్ల మీద కూర్చుని, కీర్తనల పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడుతున్నాడు.

జూలై 16

తెలుగు చదవడం రాదట. బర్మాలో, రంగంలో పుట్టి పెరిగాడు. అక్కడి సర్కారు మనవాళ్ళని వెళ్ళగొట్టినప్పుడు ఓడెక్కి వచ్చాడు. బర్మా భాష చదువుతాడట. అప్పలమ్మ చెప్పింది. అప్పలమ్మకి అన్నీ తెలుస్తాయి.

మధ్యాహ్నం వార్డులో పని లేకపోతే షెడ్డుకి వెళ్ళాను. నాలుగు ప్లగ్గులూ విప్పి పెట్టాడు. మూడోది నల్లగా, జిడ్డుగా ఉంది. "మీరు నాడి సూస్తారు కదా. ఈ కన్నం మీద బొటనేలు పెట్టండి. నాను ముందు హేండిలు తిప్పుతాను. లోపల్నించి ఎంత గట్టిగా తోస్తాదో సెప్పండి," అన్నాడు.

నాకు ఇరవై ఏళ్ళున్నప్పటినుంచీ మనుషుల నాడి చూస్తున్నాను. ఇంజను నాడి చూడడం ఇదే మొదలు. అతను తిప్పినప్పుడల్లా లోపలినుంచి గాలి వేలిని తోసేది. ఒకటి, రెండు, మూడు, నాలుగు కన్నాలూ చూశాను. తర్వాత మందు చెంచాతో ఒక్కోదాంట్లో కాస్త ఆయిలు పోయించాడు. రింగులు అరిగి ఉంటే ఆయిలు ఆ సందుని మూసి, ఈసారి తోపు గట్టిగా వస్తుందట. మళ్ళీ వేలు పెట్టాను. ముందెలా తోసిందో అలాగే తోసింది.

"నాలుగు నాడులూ బాగున్నాయి," అన్నాను.

"అయితే రింగులు బాగున్నాయి," అన్నాడు. మొదటిసారి నవ్వాడు. వెంటనే మానేశాడు. "మరి రోగమేటి?"

బొటనవేలికి అంటిన నలుపు సబ్బుకి పోలేదు. పోగొట్టాలని మరీ అంత రుద్దలేదు కూడా. పని ఉంది.

జూలై 18, గురువారం

సరుగుడుతోట దగ్గర ఆగాం. అతను నూతినుంచి రేడియేటరుకి నీళ్ళు తెస్తానని వెళ్తే, నేను ఆయిలు చూసే ఊచ లాగి, నా దూదితో తుడిచి, మళ్ళీ ముంచి చూశాను. ఊచ మీద గీత ఉంటుంది. ఆయిలు గీత దగ్గర ఉండాలి. "గీత కిందుంది," అని చెప్పాను. వచ్చి పోశాడు. ఇకనుంచి ఊచ చూసే పని నాదే. దూది నా దగ్గర ఉంటుంది కదా, సౌకర్యం.

నీ వాళ్ళెవరూ లేరా అని అడిగాను.

"నాయిన ఓడల కాడ కూలి. నాకు గేనం తెలిసేటప్పటికే అమ్మ నేదు. కూలీల లైన్లో ఒక గదిలో మగోళ్లం అందరం. ఒకడు వండుతాడు, ఒకడు గిన్నెలు కడుగుతాడు."

"ఆడవాళ్ళెవరూ లేరా?"

"ఉంటే మాతో ఎందుకుంటారండి?" అన్నాడు. బాధగా కాదు, మామూలుగానే అన్నాడు. అది వింటే నాకే బాధ కలిగింది.

అప్పలమ్మ వెనక నిద్రపోతూనే ఉంది. లేక నిద్రపోతున్నట్టు పడుకుంది.

గురువారాలు తొందరగా వస్తున్నాయి. మంచిదే. గర్భిణులని ఎంత తరచుగా చూస్తే అంత మంచిది.

జూలై 25, గురువారం

వాన. దారంతా వాన. గార దాటాక ఏది రోడ్డో ఏది చేనో తెలియలేదు. సరుగుడుతోట దగ్గర ఆపి, బానెట్టు తెరిస్తే ఇంజను తడుస్తుందని, వాన తగ్గేదాకా కూర్చుందామన్నాడు. కూర్చున్నాం. అద్దాల మీద ఆవిరి పట్టింది. బయట చెట్లు లేవు, దారి లేదు, సముద్రం చప్పుడు మాత్రం ఎక్కడినుంచో వస్తోంది. ఎక్కడో మొగలి పూసింది. ఆ వాసన ఆయిలు వాసనతో కలిసి కారంతా నిండింది. మేం ముగ్గురం ఓ పెట్టెలో కూర్చుని ఎటో తేలిపోతున్నట్టు అనిపించింది. రంగం నుంచి వచ్చినప్పుడు ఓడలో ఇలాగే ఉండేదా అని అడిగాను. ఓడలో ఇంత బాగాలేదని అన్నాడు.

అద్దం మీద అతను వేలితో ఒక అక్షరం రాశాడు, గుండ్రంగా. అదేమిటంటే బర్మా అక్షరమట. ఏం అక్షరమని నేనడగలేదు. కాసేపటికి ఆవిరి కమ్మి మాసిపోయింది.

ముప్పై నాలుగేళ్ళ మనిషిని. నా చేతుల మీదుగా ఎంతమంది పిల్లలు పుట్టారో లెక్కలేదు. దారిలో కారు ఆగిపోతే కోపం రావాలి. నాకు ముక్కు మీద ఉంటుంది కోపం, ఆసుపత్రిలో ఎవర్నడిగినా చెబుతారు. ఈవేళ మాత్రం రాలేదు. వాన హాయిగా ఉంది, అందుకే.

ఆగస్టు 1, గురువారం

ఈవేళ ఒక్కసారే ఆగాం.

ఆగస్టు 4, ఆదివారం

కొత్తవలసలో ఇనపరాయి రైలు కోసం వేసిన కొత్త లైను దగ్గర ఎవరో కంట్రాక్టరుకి లారీలున్నాయట. వాటిని చూసుకోవడానికి మెకానిక్కు కావాలట. గుడి బయట డేవిడ్‌రాజుతో ఎవరో మాట్లాడుతుంటే అప్పలమ్మ విన్నది.

"వెళ్తాడా?" అని అడిగాను.

"ఎల్తాడో మానతాడో. ఈ కారు అమ్మేత్తే ఇక్కడుండి ఏటి సేస్తాడు, మీకు పూలు కోసి ఇస్తాడా?" అంది.

కొత్తవలస పెద్ద జంక్షను. మంచి అవకాశం. మంచిదే.

ఆగస్టు 6

మంచిదే.

ఆగస్టు 8, గురువారం

ఏం రాయను. పాళీ కాగితంలో దిగబడుతోంది. కోపంతో దిగబడుతోంది.

కళింగపట్నంలో పని తెమలడానికి ఆలస్యమైంది. గున్నమ్మకి కాళ్ళు వాచాయి, అది ఉప్పుచేప మానదు, దాన్ని తిట్టడంతోనే సరిపోయింది. తిరుగుప్రయాణంలో డేవిడ్‌రాజు టైరు చూసుకుంటుంటే నేను ఊచ లాగాను. తుడిచి ముంచితే పొడిగా వచ్చింది. మళ్ళీ ముంచినా పొడిగానే వచ్చింది. కొత్తవలస ఎప్పుడు వెళ్తున్నావని అడుగుదామని నోటిదాకా వచ్చింది, అడగలేదు. "నిండుకుంది డేవిడ్‌రాజూ," అని మాత్రం చెప్పాను. స్పష్టంగా చెప్పాను. సరేనన్నాడు. నేను వెళ్ళి కూర్చున్నాను.

పోస్తాడనుకున్నాను. వెనక డబ్బాలో ఆయిలుంది. ఎవరైనా పోస్తారు కదా.

శాలిహుండం ఎత్తు మీద, లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టకటకమంది. అతను వెంటనే ఆపేశాడు. బానెట్టెత్తి ఊచ లాగి చూశాడు. ఊచ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపు నాకర్థం కాలేదు. బేరింగు పోయిందన్నాడు. అంతే.

నన్నూ అప్పలమ్మనీ ఒక ఎడ్లబండి గార దాకా తెచ్చింది. అక్కడినుంచి బస్సు. అతను కారు దగ్గర ఉండిపోయాడు.

ఆగస్టు 9

మధ్యాహ్నం రెండు జతల ఎడ్లు కారుని లాక్కుంటూ ఊళ్ళోకి వచ్చాయి. లోపల డేవిడ్‌రాజు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. రోడ్డంతా జనం. పెళ్ళి ఊరేగింపులా ఉందని ఎవరో అన్నారు, నవ్వారు.

డాక్టరమ్మగారు ఆయిలు చూడలేదా అని అడిగారు. నేను చూశానండి, చెప్పానండి, అన్నాను. "చెప్పిందా?" అని అతన్నడిగారు. "సెప్పినారు," అన్నాడు.

"చెప్పినా పొయ్యలేదా?"

తల దించుకున్నాడు. ఈ బేరింగు బాగుచేసి, ఈ నెలాఖరుకి వేరే పని చూసుకోమన్నారు. సరేనన్నాడు. కొత్తవలసవాళ్ళకి మాట ఇచ్చేసినట్టున్నాడు సాయంత్రానికే.

ఆగస్టు 10

నేను చెప్పాను. నా తప్పేమీ లేదు.

ఆగస్టు 11, ఆదివారం

చెప్పాను. నోరారా చెప్పాను. గుడికి రాలేదతను.

ఆగస్టు 13

ఈవేళ అతన్ని కడిగేద్దామనే షెడ్డుకి వెళ్ళాను. కారు కింద పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. కాళ్ళతోనే మాట్లాడాను.

"చెబితే పొయ్యకుండా ఎందుకు బయల్దేరావు? కొత్తవలస వెళ్ళిపోతున్నాను కదా, ఈ కారేమైతే నాకేం అనుకున్నావా?"

మెల్లగా బయటికి వచ్చి కూర్చున్నాడు. మొహమంతా మసి. "సిస్టరమ్మా, మీరు నిండుకుందన్నారు కదా," అన్నాడు.

"అన్నాను. అందుకే అడుగుతున్నాను."

"నిండుగా ఉన్నదానిలో మల్లా ఎలాగ పోస్తానండి?"

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అక్కడున్న టైరు లాక్కుని కూర్చున్నాను.

మా అమ్మ ఏనాడూ బియ్యం అయిపోయాయి అనలేదు. ఉప్పు లేదు అనలేదు. లేదంటే ఇంటికి లేమి వస్తుందని, బియ్యం నిండుకున్నాయి, నూనె నిండుకుంది అనేది. అయిపోయినదాన్నే నిండిందనడం. మేమంతా అలాగే అంటాం. ఏ ఇంట్లో అడిగినా, పొయ్యి దగ్గర ఆడవాళ్ళు అలాగే అంటారు. పసిపిల్లలకి కూడా తెలుసు. ఊచ పొడిగా వస్తే నా నోటికి వంటింటి మాట వచ్చింది. రోజూ గీత మీద, గీత కింద అనేదాన్ని. ఆవేళ మాత్రం ఇంట్లోవాళ్ళతో అన్నట్టు అనేశాను.

అది అతనికి చెప్పాను. మొదట నమ్మలేదు.

"అయిపోతే నిండిందంటారా? ఎందుకండి?"

"అయిపోయిందనకూడదు. ఇంట్లో అలా అనకూడదు."

చేతిలోని గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. "మా గదిలో బియ్యం అయిపోతే, ఒరే బియ్యం నేవురా అని అరిసీవోళ్లం," అన్నాడు. "ఆ మాట నాకు సెప్పీవోళ్లు ఎవులూ నేరు సిస్టరమ్మా."

కోపం అంతా ఎటు పోయిందో తెలియదు. డాక్టరమ్మగారికి ఈ సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు నిండుగా ఉన్నాదని సెప్పినారనే అనుకున్నాను. ఊస సరిగ్గా సూణ్ణేదేమో అనుకున్నాను. ఆవిడ ముందు మీ మీద సెప్పడానికి నాకు నోరు రానేదు."

అంటే ఇన్నాళ్ళూ నేను అతన్ని తప్పుపట్టాను, అతను నన్ను తప్పుపట్టాడు. కాకపోతే అతను నోరు మూసుకున్నాడు.

అప్పుడు చెయ్యి చాపి ఏదో ఇచ్చాడు. ఎండిన మట్టిముద్ద, చింతకాయంత, లోపల గుల్ల. కందిరీగ గూడు. "బేరింగు కోసం అడుగున ఆయిలు తొట్టి దింపినాను. లేకపోతే ఎప్పటికీ కనపడీది కాదు," అన్నాడు. ఇంజను లోపల పుట్టే ఆవిరి బయటికి పోవడానికి కిందికి ఒక గొట్టం ఉంటుందట. రంగంలో దాన్ని ఊపిరి గొట్టం అనేవారట. దాని మూతికి అడ్డంగా ఈ గూడు ఉంది. "ఊపిరి వదిలీ దారి నేక లోపల గాలి బిగిసిపోయి, ఆయిల్ని పైకి తోసేస్తన్నాది. అక్కడ కాలి పొగైపోతన్నాది. రింగులూ కాదు, వాల్వులూ కాదు. మూత తీస్తే నిట్టూరిసీది కదా, అప్పుడే నాకు తెలియాల."

గూడు నా అరచేతిలో అసలు బరువే లేదు.

ఆగస్టు 14

గూడు అప్పలమ్మకి చూపించాను. చూడగానే లబలబలాడింది.

"తీసేసినారా? నాను వేసంగిలోనే సూసినాను. కారు కాడ తుడస్తంటే కందిరీగ ఆ గొట్టంలోకి మట్టి మోస్తన్నాది. కందిరీగ గూడెడితే ఆ ఇంట కడుపు పండుతాదంటారు. పురుళ్లు పోసీ వాళ్ల కారుకే గూడెట్టినాదంటే ఎంత మంచిది. అందుకే ఎవులికీ సెప్పనేదు. సెప్తే పీకేస్తారని."

"జూన్ నుంచీ మేం ఛస్తున్నాం కదే, ఒక్కమాట చెప్పకూడదూ?"

"ఈ యేడు ఒక్క పురుడైనా సెడిపోయినాదా?" అని అడిగింది.

డాక్టరమ్మగారికి రెండూ చెప్పాను, గూడు సంగతీ, నిండుకున్న సంగతీ. తప్పు నాదేనని చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకునేంత నవ్వారు. డేవిడ్‌రాజుని ఉండమన్నారు. పరుగున వెళ్ళి చెప్పాను. పరుగున అంటే వేగంగా నడిచి.

"మాట ఇచ్చేసినాను సిస్టరమ్మా," అన్నాడు. ఒకటో తారీకున వస్తానని కొత్తవలసకి కబురు పంపేశాడట.

నిజమే. మాట మాటే.

ఆగస్టు 23

కొత్త బేరింగు వచ్చింది. వేశాడు. ఊపిరి గొట్టం కిరసనాయిలుతో కడిగాడు. ఇంజను నడుస్తుండగా నన్ను పిలిచి మూత తీయమన్నాడు. తీశాను. నిట్టూర్చలేదు.

ఆగస్టు 29, గురువారం

కారు బాగుపడింది. దేవునికి స్తోత్రం.

కళింగపట్నం వెళ్ళి వచ్చాం. పొగ లేదు. వెనకద్దంలోంచి చూస్తే రోడ్డు మామూలు రోడ్డులా ఉంది. మేకలు మేకల్లా ఉన్నాయి. సరుగుడుతోట వచ్చింది, వెళ్ళిపోయింది. ఎంత త్వరగా వెళ్ళిపోయిందంటే, అది ఇంత చిన్న తోటా అనిపించింది. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఆగలేదు. ఆసుపత్రి దగ్గర దిగాక ఊచ చూశాను. ఆయిలు గీత మీదే ఉంది, బంగారు రంగులో, శుభ్రంగా.

గున్నమ్మకి ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. వానాకాలమంతా కారు తిరుగుతుంది. కావాలనుకున్నదంతా అయింది.

గదికి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. కారు ఆగలేదని ఏడ్చాను. ఇది ఇంకెవరికీ చెప్పుకునే మాట కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో కూడా తిన్నగా రాయలేదు. గర్భిణులనీ, దూదనీ, వాననీ రాశాను. లేనిదాన్ని ఉందనడం మా ఇంటి అలవాటు, ఉన్నదాన్ని లేదనడం నేను సొంతంగా నేర్చుకున్నాను.

సెప్టెంబరు 1, ఆదివారం

గుడి అయ్యాక వచ్చాడు. ఉతికిన చొక్కా, చేతిలో సంచీ. నర్సుల క్వార్టర్సు వరండా మెట్ల కింద నిలబడ్డాడు. ఎండ బాగా కాస్తోంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"కొత్తవలస ఎల్తన్నాను సిస్టరమ్మా. బండి టైమయినాది. కారు బాగున్నాది, ఇంకెవులైనా నడపొచ్చు. మీకేటీ ఇబ్బంది ఉండదు."

నిన్నంతా కూర్చుని చెప్పాల్సిన మాటలు కూడగట్టుకున్నాను. కొత్త డ్రైవరుకి ఇసకదారి తెలియదని, వానల్లో కారుకి మళ్ళీ ఏదైనా వస్తే ఎలా అని, డాక్టరమ్మగారు బాధపడుతున్నారని. అన్నీ వరసగా పెట్టుకున్నాను. నోరు తెరిస్తే ఒక్కటీ రాలేదు.

"వెళ్ళకు," అన్నాను.

చూశాడు.

"కారు కోసం కాదు. గర్భిణుల కోసం కూడా కాదు. నాకోసం ఉండు. మొన్న గురువారం దారిలో కారు ఆగలేదని ఇంటికొచ్చి ఏడ్చాను. ఈసారి తిన్నగానే చెబుతున్నాను, దీనికి వేరే అర్థం లేదు."

లోపల గిన్నెలు తోముతున్న అప్పలమ్మ తోమడం ఆపేసింది. నా చెవులు వేడెక్కిపోయాయి. అయినా అక్కడినుంచి కదల్లేదు.

అతను సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నాకూ ఆపాలనిపించినాది," అన్నాడు. "ఆపీసి ఏటని సెప్పను? ఆయిలు నిండా ఉన్నాది."

ఇద్దరం నవ్వలేదు. నవ్వితే ఏడుపొచ్చేలా ఉంది.

"నాను వస్తానని ఆళ్లు సూస్తుంటారు," అన్నాడు. "రానని మొహమ్మీద సెప్పాల. కబురంపితే బాగోదు."

సంచీ తెచ్చి వరండాలో నా కుర్చీ పక్కన పెట్టాడు. ఖాళీ చేతులతో మెట్లు దిగాడు. గేటు దాకా వెళ్ళి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఇలాటి మాటలు ఇంకేటేటి ఉన్నాయని అప్పలమ్మనడిగినాను సిస్టరమ్మా. దీపం ఆరిపోయినాదనకూడదట, కొండెక్కినాదనాలట. ఇంటికాణ్ణించి బయల్దేరితే ఎల్తాననకూడదట."

తర్వాత, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా నిటారుగా నిలబడి, ఒక్కో అక్షరం సరిగ్గా పలికాడు.

"ఎల్లొస్తాను."

వెళ్ళిరా, అన్నాను.